చెర్వు వార్త

27 ఫిబ్రవరి 1949, ఆదివారం

ఇయ్యాల ఆఖరు వార్తలు చదివిన. కాయిదాలు మడిచి బల్ల మీద పెట్టి, జరసేపు మైకు దిక్కు చూసిన. దానికేం తెలుస్తది. ఎర్ర లైటు ఆరింది, తలుపు తీసుకొని బయటికొచ్చిన. గంతే.

ఆరేండ్లు చదివిన. రజాకార్ల రోజులల్ల నేనే చదివిన, పోలీసు చర్య అయినంక గూడ నేనే చదివిన. గొంతు మారలే, కాయిదం మారింది. ఎవరో రాసిచ్చింది చదువుడే గద నా పని. ఇగ చాలు. ఇగ నా మాట నేను చెప్పుకుంట.

వకీలు సిద్దయ్య మల్ల మల్ల ఇంటికొచ్చి అడిగిండు. మా దిక్కు పార్టీల ఆయన మాటకు ఎదురు లేదు. "అబ్రహామూ, మేడ్చల్ తాలూకాల నీ గొంతు తెల్వని ఊరు లేదు. ఏప్రిల్ ఆఖర్ల తాలూకా కమిటీ ఎన్నిక. అధ్యక్షుడివి నువ్వే అనుకో. రేపు అసెంబ్లీకి ఓట్లొస్తే అటే పోవచ్చు" అన్నడు.

నా పెండ్లాం రాహేలు అన్నం పెట్టి ఎదురుంగ కూసున్నది. "మంచిగున్న నౌకరి ఇడిసిపెట్టి మీటింగుల పొంటి తిరుగుడా?" అన్నది.

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. నలుగురు చప్పట్లు కొడితే పొంగిపోతవ్, గదే నా భయం."

నాకు మస్తు కోపమొచ్చింది. సగం తిని లేసిన.

5 మార్చి

మేడ్చల్ వచ్చినం. మిషన్ బడి ఎనక మా వాడల అవ్వ ఇల్లు. గోడలకు కొత్త సున్నం పెట్టిచ్చింది నా కోసం. అవ్వకు నేను నౌకరి ఇడిసిన్నని బాధ లేదు, ఇంటికొచ్చిన్నని సంబురం.

మాపటీలి ఇద్దరం అరుగు మీద కూసున్నం. శానసేపు అయినంక అన్నది: "రేడియోల ఉన్నప్పుడు దినాం మాట్లాడుతుంటివి కొడకా. ఇప్పుడు ఎదురుంగ కూసుండి సప్పుడే జేస్తలేవు."

నవ్విన.

13 మార్చి, ఆదివారం

గౌడవెల్లిల మొదటి మీటింగు. నా మాటల నేను చెప్పిన. కౌలు గురించి, ఎట్టిచాకిరి గురించి, మా అవ్వతోని మాట్లాడినట్టే మాట్లాడిన. ఎవలూ వినలే. ముంగట కూసున్న ముసలాయన పక్కాయనతోని అన్నడు, నాకు ఇనబడేటట్టే: "గీయననా రేడియో అబ్రహాం? కాదు తియ్. గాయన గొంతు గంట కొట్టినట్టుంటది. గీయన మనలెక్కనే మాట్లాడుతాండు."

సిద్దయ్య బండిల వస్తాంటే నవ్విండు. "వాళ్లకు మనలెక్క మాట్లాడేటోడు ఎందుకయ్యా? ఊర్లె అందరు గట్లనే మాట్లాడుతరు. నిన్ను తెచ్చింది రేడియో కోసం. రేడియో లెక్కనే చెప్పు."

గిదీ ఒక మాటేనా! తలకాయ నొస్తాంది.

14 మార్చి

సిద్దయ్య అన్నదాంట్ల తప్పేమున్నది? ఆ గొంతు గూడ నాదే గద. కష్టపడి తెచ్చుకున్నదే గద. మా వాడల పుట్టినోడు గట్ల మాట్లాడుతడని పట్నంల పెద్ద పెద్దోళ్లు నమ్మకపోయేది. దాన్ని దాసిపెట్టుకునుడెందుకు?

27 మార్చి, ఆదివారం

గీ దినం మర్సిపోను.

శామీర్‌పేట చెర్వుకట్ట కింద మీటింగు. ఇసుకపోస్తే రాలనంత జనం. పెద్ద షామియానా, లౌడ్‌స్పీకరు. బెస్తోళ్లు అందరికంటె ముందలొచ్చి కూసున్నరు. శామీర్‌పేట చావడిల బ్యాటరీ రేడియో ఉన్నదట. దినాం పొద్దుగూకినంక ఊరంత ఆడ కూడి నా వార్తలు ఇనేటోళ్లట. ఉప్పు ధర తగ్గిందని చదివిన, తగ్గింది. రజాకార్లు పోయిండ్రని చదివిన, పోయిండ్రు. నా నోట్ల పడ్డదంటే అయినట్టేనని ఈడ అందరికి నమ్మకం.

మైకు ముంగట నిలబడి ఒక్క ఊపిరి పీల్చుకొని, ఆ గొంతు తీసిన:

"హైదరాబాదు కేంద్రం. వార్తలు. చదువుతున్నది అబ్రహాం."

ఓయమ్మా! అంతమంది ఒక్కసారి సప్పుడు బంజేసిండ్రు. పొగ తాగేటోళ్లు చుట్టలు ఆర్పిండ్రు. ఆడోళ్లు పిల్లలను ఒళ్లెకు గుంజుకున్నరు. నా ఒళ్లు జల్లుమన్నది. స్టుడియోల ఆరేండ్లు ఒక్కన్నే గోడకు చదివిన, ఎదురుంగ ఇనేటోళ్ల మొకాలు ఇయ్యాలనే చూసిన.

"శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే హక్కు ఇకమీదట బెస్త కుటుంబాలకే చెందుతుంది. గుత్తదారులకు ఆ హక్కు ఉండదు. చెరువు కింద భూములకు వెట్టిగా నీరు కట్టే పని రద్దు."

కాయిదం సిద్దయ్య రాసిండు. మొదట్ల "మన సర్కారొస్తే" అని ఉండె. వార్తలల్ల గసొంటి మాట రాదు, చదువంగ అడ్డం తగుల్తది, ఇడిసిపెట్టిన. కాయిదం ఎవరిదైతేంది, చదివేటోని చేతుల ఉంటది అంతా.

దిగంగనె పూలదండలు. గండయ్య అనే బెస్తాయన జనంలకెల్లి తోసుకుంట వచ్చి చెయ్యి పట్టుకున్నడు. ఏదో అడిగిండు. నవ్విన. సిద్దయ్య జబ్బ చరిచి, "ఇగ కమిటీ మనదే" అన్నడు.

31 మార్చి

శామీర్‌పేటల ఏదో లొల్లి అయిందట. చేపల దగ్గర కొట్లాట. ఎండకాలం చెర్వుల నీళ్లు తగ్గినప్పుడు ఎప్పుడూ ఉండేదే.

1 ఏప్రిల్

ఎప్పుడూ ఉండేది కాదు.

నిన్న తెల్లారంగనె గండయ్య, ఇంకొందరు బెస్తోళ్లు తెప్పలేసుకొని చెర్వుల వలలు దింపిండ్రట. దొంగతనంగ కాదు. డప్పు కొట్టిచ్చి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి దింపిండ్రు. గుత్తదారు ఇస్తారి మనుషులు కట్టెలు పట్టుకొని వచ్చిండ్రు. "రేడియోల చెప్పిండ్రు, చెర్వు మాది" అని వీళ్లు. "ఏ రేడియోరా, నీ పాసుగూల" అని వాళ్లు. ఇస్తారి మనిషి ఒకనికి తల పగిలింది. వలలు ఒడ్డున కుప్పేసి కాలవెట్టిండ్రు. చలికాలమంత అల్లిన వలలు. గండయ్యను పోలీసులు పట్టుకపోయిండ్రు.

నేను చెర్వుల దిగుమని చెప్పలే. ఎవరన్న చెప్పమనుండ్రి.

2 ఏప్రిల్

దొంగతనం కేసైతే జుర్మానా కట్టి బయటపడుతుండె. పోలీసులు కమ్యూనిస్టు అని రాసుకున్నరట. దండు కట్టి చెర్వు మీద పడ్డరు, ఎనక ఎవరో ఉండి చేపిచ్చిండ్రు అని. గీ రోజులల్ల ఆ మాట పడ్డోడు ఎన్నేండ్లకు ఇల్లు చేరుతడో దేవునికే ఎరుక. ఎవరు చేపిచ్చిండ్రో గండయ్య చెప్తలేడట. "రేడియో" అంటాండట. కొడుతున్నరట.

5 ఏప్రిల్

సిద్దయ్య ఇంటికి పోయిన. నన్ను అరుగు మీదనే కూసుండవెట్టి మాట్లాడిండు, ఎప్పటి లెక్కనే.

"వకీలు సాబ్, గండయ్యకు ఎవరో నేర్పలే. నేను మీటింగుల చెప్పిందే ఇన్నడు. గా మాట మున్సిఫ్ దగ్గర చెప్పాలె" అన్న.

"చెప్పి? 'నా మాట ఇని చెర్వు మీద పడ్డరు' అంటవా? రేపటికెల్లి నువ్వు గూడ కమ్యూనిస్టువే. నీతోని పార్టీ గూడ."

"మరి గండయ్య?"

"మెల్లగ చూద్దాం. నువ్వు చెప్పింది మీటింగుల. అది వార్త అనుకుంటే ఆని తెలివితక్కువ. ఇంకోమాట, ఇస్తారి మనోడే. మొన్నటి షామియానా ఎవరిదనుకున్నవ్?"

నాకు నిజంగ తెల్వది. అడగలే నేను.

"ఇరవై నాలుగున ఎన్నిక, గప్పటిదాకా నోరు మూసుకొని ఉండు అబ్రహామూ. అధ్యక్షుడివైనంక బెస్తోళ్లకు ఏం జేస్తవో చెయ్యి. ఇప్పుడు ఆగం చేసుకుంటే వాళ్లకు లాభం లేదు, నీకు లాభం లేదు."

అది గూడ నిజమే. ఉత్త చేతులతోని ఒకనికి ఏం సాయం చెయ్యగలుగుత? కుర్సీ మీద కూసుంటే నూరుమందికి చెయ్యొచ్చు. ఆగుడే మంచిది.

8 ఏప్రిల్

ఆగుడే మంచిది.

10 ఏప్రిల్, మట్టలాదివారం

గుడికెల్లి వచ్చేవరకు వాకిట్ల ఇద్దరు ఆడోళ్లు కూసోని ఉన్నరు. గండయ్య పెండ్లాం బాలనర్సమ్మ, గండయ్య తల్లి బుచ్చవ్వ. ముసలామెకు కండ్లు కనబడవు. శామీర్‌పేట కెల్లి నడిచొచ్చిండ్రు, ముసలామెను చెయ్యి పట్టుకొని. రాహేలు నీళ్లిచ్చి నీడల కూసుండవెట్టింది.

తిడుతరనుకున్న. తిట్టినా బాగుండు.

బాలనర్సమ్మ అన్నది: "సారూ, ఒక్క మాట రేడియోల చెప్పు. గండయ్యను ఇడిసిపెట్టిండ్రని చెప్పు. నువ్వు చెప్తే ఇడిసిపెడుతరు."

"నేను రేడియోల లేనమ్మా ఇప్పుడు."

"మరి మొన్న చెప్తివి గద?"

గుడికెల్లి తెచ్చిన మట్టను సూరుల చెక్కిన.

బుచ్చవ్వ చేతులతోని తడుముకుంట వచ్చి నా మొకం ముట్టింది, మెడ ముట్టింది. ఆ గొంతు ఈడకెల్లేనా వచ్చేది అన్నట్టు. "ఏదీ, మాట్లాడు బిడ్డా" అన్నది. అప్పుడు నా నోట్లకెల్లి ఏమొచ్చిందో రాయబుద్ధి అయితలేదు. ఆ గొంతే వచ్చింది. "న్యాయం తప్పక జరుగుతుందమ్మా. ప్రయత్నాలు జరుగుతున్నాయి" అన్న, గుండ్రంగ, వార్త చదివినట్టు. ముసలామె మొకం విచ్చుకున్నది. కోడలు దిక్కు తిరిగి, "ఇన్నవా, అయితదట" అన్నది. లేసి పోయిండ్రు.

రాహేలు ముసలామె చెయ్యి పట్టుకొని వాడ చివరి దాకా సాగనంపింది.

12 ఏప్రిల్

ఇన్ని దినాలు ఒక మాట రాయలే.

ఆ దినం దండల నడుమ గండయ్య చెయ్యి పట్టుకొని ఏం అడిగిండో నాకు మంచిగ ఇనబడ్డది. "ఇగ ఇస్తారి ఏమనడు గద సారూ?" అని అడిగిండు.

నేను నవ్వలే. "విన్నవు గదా గండయ్యా" అన్న.

గంతే అన్న. ఫొటో తీసేటాయన పిలుస్తాండె, పోయిన.

15 ఏప్రిల్, శుభ శుక్రవారం

గుడిల పాఠం నన్నే చదువుమన్నరు. చిన్నప్పటి సంది మా గుడిల నేనే చదువుత. నిలబడ్డ. నోరు తెరిస్తే ఆ గొంతే వస్తాంది. రెండు మాటలు చదివి ఆగిన. మల్ల మొదలువెట్టిన. రాలే. అయ్యగారు లేసొచ్చి పుస్తకం తీసుకొని తానే చదివిండు. అవ్వ ఆడోళ్ల దిక్కు కూసోని కొంగు నోట్లె పెట్టుకున్నది.

ఇంటికొచ్చినంక రాహేలు మాట్లాడింది. మట్టలాదివారం సంది ఇయ్యాలనే.

"ఒకపాలి పట్నంల బతికున్న మనిషిని సచ్చిపోయిండని చదివితివి, యాదికున్నదా?"

"కాయిదంల గట్లనే ఉండె."

"ఉండనీ. మర్నాడు అదే పొద్దుకు నువ్వే సవరణ చదివితివి. ఇంకోళ్లను చదువుమంటే ఒద్దంటివి. తప్పు ఏ గొంతుల పోయిందో, దిద్దుడు గూడ ఆ గొంతులనే పోవాలె, లేకుంటే ఇనేటోళ్లు నమ్మరు అంటివి. ఆ దినం అన్నం తినలే నువ్వు."

"అది రేడియో, రాహేలూ. గిది రాజకీయం."

"గండయ్యకు చెప్పినవా, గిది రాజకీయమని?"

లేసి బయటికి పోయిన. వాడ చివరి దాకా పోయి మల్ల వచ్చిన. ఏడ్పొచ్చింది. ఏడ్చిన.

17 ఏప్రిల్, ఈస్టరు

గుడికి పోలే.

20 ఏప్రిల్

ఎల్లుండి గండయ్య కేసు మేడ్చల్ మున్సిఫ్ కచేరిల. సిద్దయ్య మనిషి ఒకడొచ్చి "సాబ్ నిన్ను ఆ దినం పట్నం పొమ్మన్నడు, పని ఉన్నదట" అన్నడు.

పోత అన్న.

22 ఏప్రిల్, శుక్రవారం

పట్నం బండి ఎల్లిపోయింది. నేను స్టేషన్లనే ఉన్న. ఆన్నుంచి కచేరికి నడిచిన.

గండయ్యను తెచ్చిండ్రు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కోర్టుల అంత ఉర్దూ, ఆయనకు ఒక్క ముక్క రాదు, తర్జుమా చేసేటాయన అడుగుతాండు.

"చెర్వుల దిగుమని ఎవరు చెప్పిండ్రు?"

"రేడియో చెప్పింది."

అందరు నవ్విండ్రు. మున్సిఫ్ గూడ నవ్విండు. సర్కారు వకీలు లేసి, అసొంటి వార్త ఎన్నడూ రాలేదని, ఈడు ఎనకున్నోళ్లను దాస్తాండని చెప్పిండు.

"రేడియోల ఎవరు?" అని మల్ల అడిగిండ్రు.

గండయ్య తల తిప్పి జనంల నన్ను చూసిండు. మంచిగ చూసిండు. ఆ ఒక్క కన్నుతోని. చెయ్యి చూపలే. "యాదికి లేదు" అన్నడు.

లేసిన. "నేను చెప్పిన హుజూర్" అన్న. నా గొంతు నాకే గుర్తుపట్టరాలే, అంత సన్నగ వచ్చింది. నాకొచ్చిన ఉర్దూల చెప్పిన: మీటింగుల రేడియో లెక్క నటించిన, "మన సర్కారొస్తే" అన్న మాట ఇడిసిపెట్టిన, గీయన నన్ను అడిగితే అవునన్నట్టే చెప్పిన. ఈయన ఎనక ఎవలూ లేరు. నేనే ఉన్న.

మున్సిఫ్ కలం కింద పెట్టి, "అయితే నువ్వు కమ్యూనిస్టువా?" అన్నడు.

"కాదు హుజూర్. వార్తలు చదివేటోన్ని."

నా బయాన్ రాసుకున్నరు. కమ్యూనిస్టు అన్న మాట కేసుల నిలువదన్నడు మున్సిఫ్. కొట్లాట కేసు ఉంటది. జమానతు మీద గండయ్యను ఇడిసిండ్రు. జమానతు నేనే ఉన్న. నన్ను మల్ల పిలుస్తరట. పిలువనీ.

బయట సిద్దయ్య మనిషి ఉమ్మేసి పోయిండు.

గండయ్యను అడిగిన: "నన్నెందుకు చూపలే?"

"నువ్వు గూడ లోపలుంటే మల్ల రేడియోల ఎవలు చెప్తరు సారూ, చెర్వు మాదని?"

అయ్యో, ఇంకా నమ్ముతనే ఉన్నడు!

23 ఏప్రిల్

గండయ్య ఒక్కడే కాదు. శామీర్‌పేట బెస్తవాడ అంత నమ్ముతనే ఉన్నది. బాలనర్సమ్మ అన్నదమ్ములు కొత్త వల తెచ్చిండ్రట. కోర్టు గండయ్యను ఇడిసింది అంటే చెర్వు మనదే అయినట్టు అని లెక్కేసుకున్నరు. సోమారం దిగుతరట. ఇస్తారి ఈసారి బందూకులోళ్లను తెప్పిచ్చిండని ఇంటాన్న.

రేపు కమిటీ ఎన్నిక. ఇంకా పోవచ్చు. సిద్దయ్య కాళ్లు పట్టుకుంటే ఏదన్న ఒక మూల కూసుండవెడుతడు. రాసుకుంటే సిగ్గయితాంది గని, అనుకున్న మాట నిజం.

24 ఏప్రిల్, ఆదివారం

మేడ్చల్ల చేతులెత్తి ఎవరినో ఎన్నుకున్నరు. నేను శామీర్‌పేటల ఉన్న.

పొద్దుగూకంగ చావడి కాడ జనం కూడిండ్రు, దినాం లెక్కనే. రేడియో పెట్టబోతుంటే, "ఇయ్యాల ఒద్దు, నేను చదువుత" అన్న. సంబురంగ కూసున్నరు. ఇస్తారి మనుషులు గూడ ఎనక నిలబడ్డరు. గండయ్య ముంగట, పక్కకు తల్లి.

కండ్లు మూసుకొని ఆ గొంతు తీసిన. ఆఖరుసారి.

"హైదరాబాదు కేంద్రం. వార్తలు. చదువుతున్నది అబ్రహాం. మొదట సవరణ. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే హక్కు బెస్త కుటుంబాలకు వచ్చిందని గత నెలలో చదివిన వార్త తప్పు. అటువంటి ఉత్తర్వు ఏదీ లేదు. చెరువు గుత్తదారు చేతిలోనే ఉన్నది. శ్రోతలు క్షమించాలి."

నమ్మిండ్రు. అదే నా ఖర్మ. ఒక్కరు గూడ ఎదురు చెప్పలే, కాదనలే. నా నోట్ల పడ్డది గద, అయిపోయింది వాళ్లకు. బాలనర్సమ్మ కొత్త వలను ఒళ్లెకెల్లి తీసి నేల మీద పెట్టింది. ఎనకకెల్లి ఇస్తారి మనిషి ఒకడు చప్పట్లు కొట్టి, "ఇన్నరా! రేడియోనే చెప్పింది!" అని అరిసిండు. నవ్వుకుంట పోయిండ్రు.

సోమారం ఎవలూ చెర్వుల దిగరు. ఎవలూ సావరు. చెర్వు గూడ నా నోటితోనే ఇస్తారికి ఇచ్చిన. రెండూ నేనే చేసిన.

జనం ఒక్కొక్కరు లేసి పోయిండ్రు. గండయ్య పోలే. నా ముంగటికొచ్చి గొంతుకూసున్నడు. ఈసారి సారూ అనలే.

"అబ్రహామన్నా, గా గొంతు పక్కన పెట్టి చెప్పు. చెర్వు మాకు ఎన్నడన్న వస్తదా, రాదా?"

నోరు తెరిసిన. ఏ గొంతూ తయారుగ లేదు లోపల. మా అవ్వతోని మాట్లాడేది ఒక్కటే మిగిలింది.

"నాకు తెల్వది గండయ్యా. తహసీల్ల అడుగుదాం. నువ్వు నేను పోదాం. ఇయ్యము అంటరు, అన్నా మల్ల పోదాం."

గండయ్య తల ఊపిండు. బుచ్చవ్వ ఇటు చెవి పెట్టి ఇంటాంది. చెయ్యి చాపి గాలిల తడిమింది.

"ఆ రేడియో ఆయన ఎల్లిపోయిండా బిడ్డా?"

"ఎల్లిపోయిండు అవ్వా."

"మరి నువ్వెవరు?"

"మేడ్చల్ ఎలీషమ్మ కొడుకును."

పక్కన చాప సదిరింది. "అయితే కూసో" అన్నది.